గంప బోర్లించిన ఇల్లు

ఆ అద్దం ఇంట్లోకి వచ్చిన రోజే కుళ్లాయమ్మ దాని మీద పాత తువ్వాలు కప్పేసింది.

పిడుగు పడుతుందని ఒక భయం. కరెంటు కొడుతుందని ఒక భయం. చేసింది తన కూతురే కాబట్టి ఊరి దిష్టంతా తన ఇంటి మీదే పడుతుందని మరో భయం. ఐదో తరగతితో బడి మానేసినా ప్రమాదాల చదువులో మాత్రం ఆమె పట్టా పుచ్చుకున్న మనిషి. భర్త రామాంజి తోట నుంచి పావుగంట ఆలస్యంగా వచ్చినా సరే, ఆమె మనసు ముందు చెడ్డదాన్నే తలుచుకుని, ఆ తర్వాత నెమ్మదిగా మంచి వైపు నడిచేది. కొన్నిసార్లు ఆ నడక పూర్తయ్యేదే కాదు.

"నీకు భయపడేదానికి ఇంగేమీ మిగల్లేదా మే?" అన్నాడు రామాంజి, గోడకు మేకు కొడుతూ. "మొన్న గ్యాసు బండ, నిన్న బల్లి, ఈ పొద్దు అద్దం."

"నీకేం, నవ్వుతావు. ఏమన్నా అయితే ఏడ్చేది నేను కదా."

కూతురు మంజుల వచ్చి తువ్వాలు తీసింది. పలక రెండు అరచేతులంత ఉంది. అందులో అడుగున నీలంగా ఒక పొర. అది రాళ్లవంక ఊరి కింద, బండల సందుల్లో ఉన్న నీరు. పొర మీద ముప్పై ఒక్క చుక్కలు. అవి ఊళ్లోని ముప్పై ఒక్క బోర్లు. ఎవరైనా మోటరు వేస్తే వాళ్ల చుక్క ఎర్రగా వెలుగుతుంది, ఆపితే ఆరిపోతుంది. ప్రతి ఇంటికీ ఇదే పలక ఇచ్చారు, ప్రతి పలకలోనూ ఊరంతా కనబడుతుంది.

"నేల లోపల నీ అద్దానికెట్ల కనబడుతుంది పాపా?"

"టెంకాయను చెవి దగ్గర పెట్టుకోని తట్టి చూస్తావు కదమ్మా, నీళ్లుండాయా లేవా అని. ఇదీ అంతే. ప్రతి బోర్లోనూ వేలంత గొట్టం దించినాము. అది గడియకోసారి నేలను తడుతుంది, సద్దు వింటుంది. విన్నది ఈడ బొమ్మ గీస్తుంది."

దానికి మంజుల పెట్టిన పేరు నేలకన్ను. ఆరేళ్ల కష్టం. కుళ్లాయమ్మ ఆ ఆరేళ్లూ కూతురు చిక్కిపోతోందని, కళ్లద్దాల నంబరు పెరుగుతోందని బాధపడుతూనే ఉంది. ఇప్పుడు ఆ కష్టం తన గోడకు వేలాడుతుంటే, భయం కింద ఎక్కడో సన్నగా గర్వం కూడా కదిలింది. దిష్టి తగలకుండా పలక అంచుకు కాటుక చుక్క పెట్టింది. అద్దంలో అది ముప్పై రెండో బోరులా కనబడింది.

*

అద్దం రాకముందు కూడా రాళ్లవంక నీళ్లకు ఒక కట్టు ఉండేది. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు.

ఊరు గుట్ట నుంచి వంక దాకా వాలుగా ఉంటుంది. అన్ని బోర్లూ ఒకే నీటిని తోడతాయి. ఎండలు ముదిరితే పైపొలాల బోర్లు ముందు గాలి మింగుతాయి, వంక పక్కనున్న కుళ్లాయమ్మ ఇంటి బోరు అన్నింటికంటే చివర ఎండుతుంది. అందుకే గంప ఆ ఇంటిదయింది. గుట్ట కింద ఈరన్న బోరు దగ్గడం మొదలుపెట్టిన రోజున, ఇంకా నిండుగా పోస్తున్న తన బోరు మీద గంప ఇంటి ఆడమనిషి వెదురుగంప బోర్లించాలి. ఎక్కువ నీళ్లున్న ఇల్లే ముందు ఆపాలి. అది చూసి ఊరంతా బోర్లిస్తుంది. ఇక తొలకరి దాకా పొద్దున బిందెలు నిండేంతసేపే మోటరు. తాగేదానికి, గొడ్లకు, చీనీ బత్తాయి చెట్ల మొదళ్లకు చెంబెడు చెంబెడు పోసుకునేదానికి అంతే. పురుడు, చావు, జబ్బు ఉన్న ఇల్లు మాత్రం ఎంత తోడుకున్నా అడగకూడదు.

దానికి తోడు మజ్జిగ వారం. గంప బోర్లించినప్పటి నుంచి ప్రతి మంగళవారం పొద్దున గంప ఇంటి మనిషి ముప్పై ఇళ్లూ తిరిగి రావాలి. ప్రతి ఇంట్లో ఒక గుక్క మజ్జిగ తాగాలి. దాన్ని తనిఖీ అని ఎవరూ అనరు. కుళ్లాయమ్మ అత్త తిమ్మక్క ఆ తిరగడంలో దిట్ట. ఎవరి కొత్తిమీర మడి తడిగా ఉందో ఆమె కళ్లను తప్పించుకునేది కాదు. ఆ ఇంట్లో ఇంకో గుక్క ఎక్కువ తాగి, మూతి తుడుచుకుని, "ఉప్పు రవ్వంత ఎక్కువైంది మే" అనేది. అంతకంటే ఒక్క మాట లేదు. వచ్చే మంగళవారానికి ఆ మడి ఎండిపోయి ఉండేది.

"తడి ప్రతి ఇంట్లోనూ రవ్వంత ఉంటాది," అని ఒకసారి కోడలికి చెప్పింది. "ఆ సంగతి నా కడుపులోనే ఉండల్ల. ఒకరి తడి ఇంకొకరికి తెలిసిందనుకో, నీ గంప పిడకలు మొయ్యను తప్ప దేనికీ పనికిరాదు."

తిమ్మక్క పోయాక పదకొండేళ్లుగా కుళ్లాయమ్మ తిరుగుతోంది. తిరుగుతూ కుక్కలకు, పాములకు, ఎండదెబ్బకు భయపడుతోంది. రెండేళ్లుగా మోకాళ్లు కూడా తోడయ్యాయి.

*

మాఘమాసంలో ఒకరోజు సంగటి, ఊరిబిండి పచ్చడి మూట కట్టుకుని కుళ్లాయమ్మ కూతురి ప్రయోగశాలకు బస్సెక్కింది. బయటి తిండితో కూతురి కడుపు చెడిపోతుందని ఆమె నమ్మకం. ప్రయోగశాల అంటే వ్యవసాయ కళాశాల వెనక ఒక రేకుల షెడ్డు. లోపల అన్నీ తీగలే. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, దేన్నీ తాకకుండా నడిచింది.

మధ్యలో గాజు తొట్టి ఉంది. అందులో పొరలుపొరలుగా ఎర్రమట్టి, ఇసుక, పగుళ్లున్న బండ ముక్కలు. పగుళ్లలో ఆకుపచ్చ రంగు నీళ్లు. పైనుంచి ముప్పై ఒక్క సన్నటి గొట్టాలు దిగి ఉన్నాయి.

"ఇది మన ఊరేనమ్మా," అని మంజుల ఒక మీట నొక్కింది. గొట్టాలు నెమ్మదిగా నీటిని పీల్చాయి. ఆకుపచ్చ రంగు కిందికి జారింది. పైన చెంబెడు నీళ్లు పోస్తే మట్టిలోకి ఇంకి, మళ్లీ పగుళ్లలోకి చేరింది.

"ఇప్పుడు చూడు." ఈసారి మీట చివరి దాకా తిప్పింది. అన్ని గొట్టాలూ ఒక్కసారిగా లాగాయి. తొట్టి గురగురమంది. నీటి వెనకే మెత్తటి మట్టి ఉరికి బండల సందుల్లో ఇరుక్కుంది. మంజుల మళ్లీ నీళ్లు పోసింది. అవి దిగలేదు. ఎర్రమట్టి మీద అలాగే తేలి నిలబడ్డాయి.

కుళ్లాయమ్మ గాజు మీద వేలు పెట్టింది. "రవ్వంతసేపుంటే దిగుతాయేమో."

"ఆర్నెల్ల కింద పోసిన తొట్టి ఆ మూలన ఉండాది. ఇంగా దిగలేదు. సందులు ఒకసారి మూసుకున్నాయంటే మన తరాన తెరుచుకోవు."

"ఇవన్నీ నాకెందుకు చూపిస్తావు పాపా? నాకు నిద్ర పట్టొద్దా?"

మంజుల నవ్వి తల్లి చేయి పట్టుకుంది. "భయపెట్టేదానికి కాదు. ఇంగ భయం లేదని చెప్పేదానికి. ఎవరు ఎంతసేపు మోటరేసినా అద్దంలో ఊరందరికీ కనబడుతుంది. అందరూ చూస్తాండారంటే ఎవరు తప్పు చేస్తారు? నువ్వు గంప బోర్లించు, అంతే చాలు. మోకాళ్లు పట్టుకోని ఇల్లిల్లూ తిరగొద్దు."

తిరగొద్దన్న మాట కుళ్లాయమ్మ చెవికి చల్లగా సోకింది. "అయితే మీ అవ్వ కండ్లు నీ అద్దానికి పెట్టినావన్నమాట," అంది. సంగటి ముద్ద విప్పి, కూతురు ఎదుటే కూర్చుని తిన్నదాకా కదల్లేదు.

*

ఉగాది వెళ్లిన పదో రోజున ఈరన్న బోరు దగ్గింది. అద్దంలో నీలం పొర నాలుగు వేళ్ల మందం ఉంది. మంజుల ఫోన్ చేసింది.

"ఈ పొద్దే బోర్లించమ్మా. ఇట్లనే ఆగితే తొలకరికి ఇంగా ఒక వేలు మిగులుతుంది."

కుళ్లాయమ్మ గంప బోర్లించింది. ఊరంతా బోర్లించింది. మంగళవారం వచ్చింది. అలవాటు కొద్దీ కొంగు బిగించి, చెప్పుల్లో కాళ్లు పెట్టి, గడపలో నిలబడి ఒకసారి అద్దం వైపు చూసింది. చుక్కలన్నీ ఆరిపోయి ఉన్నాయి. బయట ఎండ రేకులా మెరుస్తోంది. చెప్పులు విడిచి లోపలికొచ్చి కూర్చుంది.

పక్కింటి మాబున్నీ గోడ మీదుగా తల పెట్టింది. "ఏంక్కా, ఈ వారం మజ్జిగకు రాలేదే? చిలికి పెట్టుకోనుంటి."

"అద్దముంది కదమ్మే. అంతా కనబడుతాంది."

"అద్దం మజ్జిగ తాగుతుందా?"

"నువ్వే తాగు. ఎండకు చలవ."

ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాతి మంగళవారం మాబున్నీ అడగలేదు. ఆ తర్వాతి వారం ఎవరూ మజ్జిగ చిలకలేదు.

నాలుగో వారం, బుధవారం పొద్దున బిందెల వేళకు చుక్కలన్నీ వెలిగి పావుగంటలో ఆరిపోయాయి. గుట్ట కిందిది ఒక్కటి ఆరలేదు. ఈరన్నది. గంటసేపు వెలిగింది. గురువారమూ అంతే. శుక్రవారం కుళ్లాయమ్మ పీట వేసుకుని అద్దం ముందే కూర్చుంది. కోళ్లకు గింజలు వేయడం కూడా మరిచిపోయింది.

"చూసినావా అక్కా?" అంది మాబున్నీ గోడ అవతల నుంచి. ఈసారి గొంతులో నవ్వు లేదు.

"చూసినా."

"తోటకు పారిచ్చుకుంటాండాడు. ఇంగేముంటాది?"

"అట్లనే ఉండాది."

రామాంజి దడి కట్టుకుంటూ విన్నాడు. "అనుకునేదెందుకు? పోయి అడుగు మే. మా అమ్మయింటే ఈపాటికి మజ్జిగ తాగి వచ్చింటుంది."

"ఆయప్పకు కోపమెక్కువ. ఏమన్నా అంటే? కొట్లాటై ఊరు రెండైతే? ఈ ఎండలో నేను దావలో పడిపోతే?"

"పడితే లేపుతాను లే."

ఆమె వెళ్లలేదు. తోటలోకి వెళ్లింది. నూటా ఎనభై చీనీ చెట్లు, ఏడో ఏడు, పిందె పట్టి ఉన్నాయి. కింది వరుసలో ఆకులు ముడుచుకుంటున్నాయి. ఒక ఆకు తీసి చేతిలో నలిపింది. పొడిగా విరిగింది. పైన ఈరన్న తోట పచ్చగా ఉందని కళ్లతో చూసినట్టే అనిపించింది, చూడకపోయినా.

కూతురికి ఫోన్ చేసింది.

"దగ్గే బోరుకు గంటసేపంటే ఎంతమ్మా, నలభై బిందెలు," అంది మంజుల, అవతల ఏవో యంత్రాల మోతలో. "ఊరి నీళ్లలో దానికేమీ కాదు. ఎందుకేసినాడో కనుక్కో. నువ్వు మాత్రం గాబరా పడొద్దు."

అన్ని మాటల్లోకీ కుళ్లాయమ్మ మనసుకు పట్టింది ఒక్కటే. ఏమీ కాదు. ఈరన్న గంటకే ఏమీ కాదంటే నా అరగంటకు ఏమవుతుంది?

శనివారం పొద్దున గంప ఎత్తి పక్కన పెట్టింది. స్టార్టరు మీద చేయి వేసి, మళ్లీ తీసి, మళ్లీ వేసింది. కింది వరుసలో ముప్పై చెట్లకు మాత్రమే పైపు తిప్పింది. గడియారం చూసుకుంటూ నిలబడి సరిగ్గా అరగంటకు ఆపింది. ఒక నిమిషం కూడా ఎక్కువ వేయలేదు. ఆ మాట తర్వాత ఎన్నిసార్లు తనకు తాను చెప్పుకుందో లెక్కలేదు.

గంప మళ్లీ బోర్లించి ఇంట్లోకి వచ్చేసరికి, అద్దంలో మాబున్నీ చుక్క ఎర్రగా ఉంది. దాని పైది కూడా. ఆ పక్క రెండూ. చూస్తుండగానే గుట్ట వైపుకు ఒకదాని వెనక ఒకటి, పొయ్యిలోంచి రవ్వలు లేచినట్టు, చుక్కలు వెలుగుతూ పోయాయి.

గోడ దగ్గరికి పరిగెత్తింది. "మాబున్నీ, ఆపు మే. నేను ఆపేసినా. గంప బోర్లించినా చూడు."

"గంపనెవరు చూస్తారక్కా ఇప్పుడు?" మాబున్నీ కళ్లు ఎత్తలేదు, పైపు ఈడుస్తూనే ఉంది. "నీ చుక్క వెలిగింది, అందరం చూసినాం. గంప ఇల్లే మోటరేస్తే నీళ్లు అయిపోవచ్చినాయని కదా అర్థం? భయస్తురాలివి నువ్వు. నువ్వే వేసినావంటే ఇంగ మాకేం మిగులుతుంది?"

మధ్యాహ్నానికి ముప్పై చుక్కలూ ఎర్రబడ్డాయి. వెలగనిది ఒక్కటే, కుళ్లాయమ్మది. నీలం పొర పాల పొంగు తగ్గినట్టు కళ్ల ముందే దిగుతోంది. గాజు తొట్టి గుర్తొచ్చింది. అది గుర్తొచ్చే ఆమె బయటికి నడిచింది. గంప తీసింది. అందరూ లాగేస్తుంటే మనదొక్కటే మిగిలి ఏం చేస్తుంది, పోయే నీళ్లు పోనే పోతాయి, చెట్లైనా దక్కుతాయి అనుకుంది. ఈసారి గడియారం చూడలేదు.

*

మంజుల మరుసటి రోజు మొదటి బస్సుకే వచ్చింది. ఇంటికి రాకుండా నేరుగా పైపొలాల నుంచి మొదలుపెట్టి ఇల్లిల్లూ తిరిగింది. అందరిదీ ఒకటే మాట: ముందు మీ ఇంటిది ఆపు పో.

"మా అమ్మ వేయదు," అని చెప్పుకుంటూ వచ్చింది మంజుల. వాకిట్లో అడుగుపెట్టేసరికి మోటరు మోగుతోంది. స్టార్టరు పెట్టె పక్కనే తల్లి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

 మంజుల వెళ్లి మోటరు ఆపింది. ఆ నిశ్శబ్దంలో మిగతా ముప్పై మోటర్ల హోరు ఇంకా బాగా వినబడింది.

"ఈరన్న ముందేసినాడు పాపా," అంది కుళ్లాయమ్మ.

"ఎందుకేసినాడో అడిగినావా?"

కుళ్లాయమ్మ కొంగు మళ్లీ నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆరో రోజు పొద్దునకు బోర్లు బురద కక్కాయి. తర్వాత గాలి. తర్వాత అదీ లేదు. అద్దం నల్లబడింది. మంజుల చెవికి పెట్టుకునే తీగ ఒకటి తెచ్చి, నేలను తట్టి విని, మళ్లీ తట్టి వింది. కుళ్లాయమ్మ అడిగితే తీగ ఆమెకిచ్చింది. ముందుగా, ఉగాదినాడు తీసిపెట్టిన సద్దు వినిపించింది. నిండు కుండను వేలితో కొట్టినట్టుంది. తర్వాత ఆ రోజుది. ఎండిన సొరకాయ బుర్రను కొట్టినట్టు టొక్కుమంది, అంతే.

ఆ వారమే ఈరన్న తల్లి లింగమ్మ చనిపోయిందని కబురొచ్చింది. కుళ్లాయమ్మ వెళ్లింది. ఎండలో, మోకాళ్లు పట్టుకుని, ఆ దారిలో ఆ ఏడు మొదటిసారి నడిచింది. కుక్కలు మొరిగాయి, కరవలేదు.

ఈరన్న తోట ఎండిపోయి ఉంది. బోర్లు ఎండిన తర్వాత ఎండింది కాదు, ఎప్పుడో నెల కింద ఎండింది. ఆకు లేదు. దడి పొడవునా తీగ మీద బొంతలు, పాతచీరలు, దుప్పటి ముక్కలు ఉతికి ఆరేసి ఉన్నాయి. ఈరన్న భార్య సుంకమ్మ వాటిని తీసి మడతపెడుతోంది.

"నెల పైన మంచంలోనే అక్కా," అంది సుంకమ్మ. "కాలు కింద పెట్టలేదు. అంతా పక్కలోనే. ఆఖరు రోజుల్లో దినామూ గంటసేపు ఉతికితేగానీ వాసన పోయేది కాదు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకునింది. ఆయమ్మకు సిగ్గు. నీకు మాత్రం చెప్పల్లనుకుంటి. మంగళారం వస్తావు కదా, చూసి పోతావనుకుంటి." ఒక బొంత మడిచి పక్కన పెట్టింది. "మంగళారం మంగళారం వాకిలి వైపే చూస్తా ఉంటి."

లింగమ్మకు ఆఖరి స్నానం ట్యాంకరు నీళ్లతో చేయించారు. నాలుగు బిందెలు. మూడిచ్చి, నాలుగోది అడిగితే డ్రైవరు విసుక్కున్నాడు.

*

ఆ ఏడు వానలు బాగా కురిశాయి. అదే కుళ్లాయమ్మను ఎక్కువ కుంగదీసింది. కరువొచ్చి ఉంటే దేవుణ్ణి తిట్టుకోవచ్చు. వాకిట్లో చీలమండ లోతు నీళ్లు రోజుల తరబడి నిలిచాయి, కప్పలు చేరాయి, వంక పొంగి నాలుగూళ్లు దాటిపోయింది. బోర్లలో రాయి వేస్తే పొడిగా మోగింది. ఎర్రమట్టి మీద నీళ్లు, గాజు తొట్టిలో లాగే, తేలి నిలబడి, ఎండకు ఆరిపోయాయి. చీనీ చెట్లను రామాంజి ఒక్కొక్కటే నరికి దడికి వేశాడు. నవ్వించే మాట ఒక్కటీ అనలేదు.

మంజుల ప్రయోగశాలకు పంపే నివేదిక రాస్తూ వరండాలో కూర్చుంది. ప్రయోగం ముగిసిందని, అద్దాలన్నీ వెనక్కి తీసుకోవాలని పైనుంచి ఉత్తరం వచ్చింది.

"ఏమని రాస్తాండావు పాపా?"

"పరికరం సరిగ్గానే పనిచేసిందని. ఒక్క చుక్క కూడా తప్పు చూపలేదు." పెన్ను కింద పెట్టింది. "చుక్క వెలిగేది చూపించినాను. ఎందుకు వెలిగిందో కనుక్కునేది నువ్వు. నిన్ను తిరగొద్దన్నది నేనే కదమ్మా."

"నువ్వంటే మాత్రం? నాకు కాళ్లు లేవా?"

 కుళ్లాయమ్మ వాన వైపు తిరిగి, "ఊర్లో ఇంగా ఈరన్ననే తిడతాండారు," అంది. "ఆయప్పే ముందు కట్టు తప్పినాడని. తల్లి దినానికి కూడా ఎవరూ పోలేదు. ఆయప్ప నోరు విప్పి తల్లి సంగతి చెప్పడు."

"నువ్వు చెప్తావా?"

ఆ మాటకు కుళ్లాయమ్మ గుండె ఎప్పటిలాగే చెడ్డ వైపుకు పరిగెత్తింది. ముప్పై ఇళ్లు. ముప్పై మంది మొహాన ఏమంటారో. నరికిన చెట్ల పక్కన నిలబడిన మగవాళ్లు ఏమంటారో. కూతురి పేరు ఎంత చెడుతుందో.

అది మంగళవారం కాదు. మంగళవారం దాకా ఆగింది. చెప్పుల్లో కాళ్లు పెట్టి, అద్దం ఉన్న చోట మిగిలిన మేకు వైపు చూడకుండా గడప దాటింది.

మొదటి ఇల్లు మాబున్నీది. "బోర్లే లేకపోయినాక ఏం చూసి పోను వచ్చినావక్కా?" అంది మాబున్నీ.

"చెప్పి పోను వచ్చినా. ఈరన్న మోటరేసింది తల్లి పక్కగుడ్డలు ఉతికేదానికి. తోటకు చుక్క పారిచ్చలేదు. కట్టు తప్పింది ముందు నేను. అడగకుండా తప్పినా."

 మాబున్నీ లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది. రెండో ఇంట్లో ముసలాయన చేతికర్ర నేలకేసి కొట్టాడు. మూడో ఇంట్లో ఆడవాళ్లు విని, "పో అక్కా, చెప్పినావు కదా, పో," అన్నారు. ఒకచోట శాపం పెట్టారు. ఒకచోట కూర్చోమని పీట వేశారు, దానికే ఆమెకు ఎక్కువ ఏడుపొచ్చింది. ఎవరింట్లోనూ మజ్జిగ ఇవ్వలేదు. ఆమె అడగలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి గుట్ట కిందికి చేరింది. ఈరన్న వాకిట్లో పగ్గం పేనుతున్నాడు. ఆమె చెప్పేదంతా తల వంచుకునే విన్నాడు.

"మాయమ్మ సంగతి ఇంటింటికీ చెప్పొచ్చినావన్నమాట," అన్నాడు చివరికి. "ఆయమ్మ చెప్పొద్దనింది."

అది కుళ్లాయమ్మకు తట్టనే లేదు. ఇన్ని భయాల్లో ఆ ఒక్క భయమూ రాలేదు. 

"పోనీలే," అన్నాడు ఈరన్న. పగ్గం ముడి బిగించి లేచి కొట్టంలోకి వెళ్లిపోయాడు.

సుంకమ్మ లోపల్నుంచి చెంబుతో వచ్చింది. ట్యాంకరు నీళ్లతో చేసిన మజ్జిగ, పల్చగా, తెల్లటి నీళ్లలా ఉంది. ఆ నీళ్లే సవరగా, ఉప్పగా ఉంటాయని ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ అందులో ఉప్పు వేయడం లేదు. కుళ్లాయమ్మ రెండు చేతులతో అందుకుని ఒక గుక్క తాగింది.

సుంకమ్మ ఆమె మొహంలోకే చూస్తోంది. తిమ్మక్క ఈ వాకిట్లో ఎన్నిసార్లు నిలబడిందో, ఏమనేదో, ఈ ఇంటి కోడలికీ తెలుసు.

"ఉప్పు రవ్వంత ఎక్కువైందా అక్కా?" అని అడిగింది నెమ్మదిగా.

"ఎక్కువైంది మే," అంది కుళ్లాయమ్మ.

చెంబు ఎత్తి చివరి చుక్క దాకా తాగింది.